చిన్న ఆఫీసు సర్వర్ పాఠాలు – 5: ఏ పని ఏ డీసీ మీద?

డీసీ అంటే డొమైన్ కంట్రోలర్: ఆఫీసు మెషీన్లన్నీ చేరిన డొమైన్‌లో యూజర్లను, లాగిన్లను చూసుకునే విండోస్ సర్వర్. మన దగ్గర డీసీ1, డీసీ2 అని రెండున్నాయి. పోయిన పాఠం చివర డీసీ1 ఆపి చూడమన్నాను. చాలామందికి అక్కడే బండి ఆగిపోయింది. లాగిన్ అయింది కానీ షేర్ డ్రైవ్ తెరుచుకోలేదు, ప్రింటర్ కనబడలేదు. డీసీ1 మళ్లీ లేచాక కూడా కొన్ని మెషీన్లు వెంటనే తేరుకోలేదు. కొందరు కంగారుపడి ఐదు ఫిజ్మో (ఎఫ్‌ఎస్‌ఎంఓ) రోల్స్‌నీ, అంటే ఒక సమయంలో ఒకే డీసీ చేయాల్సిన ప్రత్యేక పనులను, డీసీ2 మీదికి సీజ్ చేసేశారు, అంటే డీసీ1 ప్రమేయం లేకుండా బలవంతంగా లాక్కున్నారు. అలా చేసినవాళ్లు డీసీ1ని ఇంకా ఆన్ చేయకపోతే ఇక చేయకండి. డిస్క్ చెరిపేసి, డీసీ2లో దాని మెటాడేటా (మిగిలిపోయిన రికార్డులు) తీసేసి, కొత్తగా ప్రమోట్ చేయండి, అంటే మళ్లీ డీసీగా మార్చండి. రెండు డీసీలూ తామే రిడ్ మాస్టర్ (కొత్త అకౌంట్లకు నంబర్లు పంచే రోల్) అనుకుంటే ఒకే ఎస్‌ఐడీ (అకౌంట్ గుర్తింపు సంఖ్య) రెండు అకౌంట్లకు పడే ప్రమాదం ఉంది.

నిజానికి తప్పు రోల్స్‌లో లేదు. ఒక్క రోల్ కూడా లేని డీసీ2 లాగిన్లు చూసుకోగలదు, పాస్‌వర్డ్ మార్చగలదు. మెషీన్లకు డీసీ2 ఎక్కడుందో తెలియకపోవడమే అసలు చిక్కు.

తిరుపతిలో ఒక లాడ్జి అనుకోండి, ఇరవై మెషీన్లు. డీసీ ఎక్కడుందో మెషీన్ అడిగేది డీఎన్ఎస్‌ను, అంటే పేరు చెబితే అడ్రస్ చెప్పే సర్వర్‌ను. ఫ్రంట్ డెస్క్ కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొడితే డీఎన్ఎస్ కింద రెండు అడ్రసులు కనిపిస్తాయి: 192.168.10.11, 8.8.8.8. మొదటిది డీసీ1. రెండోది గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్, "డీసీ పోయినా నెట్ ఆగకూడదు" అని పెట్టింది. దీన్ని తీసేయండి. డీసీ1 రీస్టార్ట్ అయ్యే రెండు నిమిషాల్లో విండోస్ 8.8.8.8కి మారిపోతుంది. మీ లోపలి డొమైన్ పేరు అడిగితే అది "అలాంటి పేరు లేదు" అంటుంది. అది మౌనం కాదు, జవాబు. జవాబు వచ్చాక విండోస్ ఇంకొకరిని అడగదు. పైగా ఒకసారి మారిన సర్వర్ దగ్గరే కొంతసేపు ఉండిపోతుంది. డీసీ1 లేచినా మెషీన్ తేరుకోనిది అందుకే. లాగిన్ అయింది కదా అంటారా? అది మెషీన్‌లో దాచుకున్న పాత పాస్‌వర్డ్ గుర్తుతో అయిన లాగిన్, డీసీ ఇచ్చింది కాదు.

రౌటర్ అడ్రస్ పెట్టినా ఇదే గతి. మూడో అడ్రస్‌గా పెట్టినా ఇదే గతి. డొమైన్‌లో ఉన్న మెషీన్‌కు డీఎన్ఎస్ అంటే 192.168.10.11, 192.168.10.12 (డీసీ2), అంతే. డీహెచ్‌సీపీలో (మెషీన్లకు ఐపీ పంచే సర్వీసు) ఆప్షన్ 006లో ఈ రెండే ఉండాలి. 8.8.8.8 ఉండాల్సిన చోటు రెండు డీసీల డీఎన్ఎస్ సర్వర్‌లోని ఫార్వార్డర్స్ ట్యాబ్, అంటే తనకు తెలియని పేర్లను బయట ఎవరిని అడగాలో రాసే చోటు. చేతితో ఐపీ ఇచ్చిన ప్రింటర్లు, బిల్లింగ్ మెషీన్లు కూడా వదలకండి. డీసీల సొంత నెట్‌వర్క్ కార్డుల్లో డీఎన్ఎస్‌గా మొదట అవతలి డీసీ, తర్వాత 127.0.0.1 (అంటే తానే).

ఇక రోల్స్. ఒకే డొమైన్ ఉన్న చిన్న ఆఫీసులో ఐదూ ఒకే డీసీ మీద ఉంచండి, రెండు డీసీలనూ గ్లోబల్ కేటలాగ్ (డొమైన్లన్నిటి అకౌంట్ల సూచీ ఉంచే డీసీ) చేయండి. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మాస్టర్ అనే రోల్ గ్లోబల్ కేటలాగ్ మీద ఉండకూడదనే పాత నియమం చాలా డొమైన్లున్న చోటికి, మీకు వర్తించదు. రోల్స్ ఎక్కడున్నాయో చూడ్డానికి నెట్‌డామ్ క్వెరీ ఎఫ్‌ఎస్‌ఎంఓ అనే కమాండ్. మార్చడానికి మూడు కన్సోళ్లు తిరగడం దేనికి? పవర్‌షెల్‌లో మూవ్-ఏడీడైరెక్టరీసర్వర్ఆపరేషన్‌మాస్టర్‌రోల్‌కు 0,1,2,3,4 అని ఇస్తే ఐదూ ఒకేసారి కదులుతాయి. ఫోర్స్ జోడించకండి, జోడిస్తే అది సీజ్ అవుతుంది.

రెండు మూడు రోజుల్లో బాగయ్యే డీసీ కోసం సీజ్ చేయొద్దు. రిడ్ మాస్టర్ ప్రతి డీసీకీ కొత్త అకౌంట్ల కోసం 500 నంబర్ల కట్ట ముందే ఇచ్చి ఉంచుతుంది. స్కీమా, డొమైన్ నేమింగ్ రోల్స్ రోజువారీ పనికి అక్కర్లేదు.

తొందరగా నొప్పి తెలిసేది పీడీసీ ఎమ్యులేటర్ రోల్‌దే (డొమైన్‌కు టైమ్ ఇచ్చేది ఇదే), అదీ గడియారంలో. ఐదు నిమిషాల తేడా దాటితే కెర్బరోస్ (డొమైన్ లాగిన్ పద్ధతి) ఒప్పుకోదు. రోల్ మారినా టైమ్ సెట్టింగ్ దానితో రాదు. కొత్త పీడీసీలో డబ్ల్యూ32టీఎం అనే టైమ్ కమాండ్‌కు బయటి టైమ్ సర్వర్లు చెప్పాలి, పాతదాన్ని డామ్‌హైర్‌కు, అంటే డొమైన్ నుంచే టైమ్ తీసుకునేలా, తిప్పాలి. సోర్స్ అడిగితే "లోకల్ సీమాస్ క్లాక్" (మెషీన్ సొంత గడియారం) అని వచ్చిందంటే సెట్ కాలేదు. హైపర్-వీ (ఒక మెషీన్‌లో వర్చువల్ సర్వర్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉంటే పీడీసీకి టైమ్ సింక్రనైజేషన్ టిక్ తీసేయండి.

డీహెచ్‌సీపీ రెండు డీసీల మీదా, ఫెయిలోవర్‌తో (ఒకటి పోతే రెండోది అందుకునేలా) పెట్టండి, రౌటర్‌లోది ఆపేయండి. ట్యాలీ మాత్రం డీసీ మీద వద్దు. మామూలు యూజర్‌ను డీసీ లోపలికి రానివ్వదు కాబట్టి, చివరికి అకౌంటెంట్‌ను డొమైన్ అడ్మిన్స్‌లో చేర్చేస్తారు. దానికి వేరే సర్వర్ పెట్టండి. రెండు డీసీలూ ఒకే హోస్ట్‌లో, ఒకే యూపీఎస్ మీద ఉంటే వాటిని రెండుగా లెక్కపెట్టకండి.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉండి, ఆఫీసు తిరుపతిలో ఉందనుకోండి. ఫ్యాక్టరీలో గ్లోబల్ కేటలాగ్, డీఎన్ఎస్ ఉన్న డీసీ చాలు, రోల్ వద్దు. కానీ రెండు చోట్లనూ వేర్వేరు సైట్లుగా విడదీశాక రెప్లికేషన్ (మార్పులు ఒక డీసీ నుంచి ఇంకో డీసీకి చేరడం) మామూలుగా 180 నిమిషాలకు ఒకసారి జరుగుతుంది. తోతాపురి సీజన్‌లో కాటా దగ్గరికి కొత్త ఆపరేటర్ వస్తాడు, తిరుపతిలో యూజర్ చేస్తారు, అక్కడ మూడు గంటలదాకా లాగిన్ కాదు. సైట్ లింక్‌లో దాన్ని 15కి తగ్గించండి, అంతకంటే తగ్గదు.

అభ్యాసం. శని, ఆదివారాలు యాత్రికుల రద్దీ, కాబట్టి వారం మధ్యలో పెట్టుకోండి. ముందు ప్రతి మెషీన్ డీఎన్ఎస్ సరిచేయండి. రోల్స్ డీసీ2కి మార్చి, టైమ్ సరిచేసి, డీసీ1ని పనివేళలో రెండు గంటలు ఆపండి. ఆ సమయంలో ఒక కొత్త యూజర్ చేయండి, ఒక పాస్‌వర్డ్ మార్చండి, కొత్త ల్యాప్‌టాప్‌కు ఐపీ వస్తుందా చూడండి, ఫ్రంట్ డెస్క్ నుంచి ఒక బిల్లు ప్రింట్ చేయండి. ప్రతి మెషీన్‌లో ఎన్ఎల్‌టెస్ట్ కమాండ్‌ను (మెషీన్‌కు ఏ డీసీ దొరికిందో చూపేది) డీఎస్‌గెట్‌డీసీ, ఫోర్స్ స్విచ్‌లతో కొట్టి, డీసీ2 పేరు వచ్చిందో లేదో నోట్‌బుక్‌లో రాయండి. డీసీ1 లేచిన అరగంటకు రెప్‌అడ్మిన్ రెప్ల్‌సమ్మరీలో (రెప్లికేషన్ ఎలా ఉందో చూపే కమాండ్) ఫెయిల్స్ సున్నా ఉండాలి. ఉంటేనే రోల్స్ వెనక్కి తెచ్చి, టైమ్ సెట్టింగ్ కూడా తిప్పండి.