కాన్సాస్ సిటీలో బొమ్మలు చూడాలంటే: పర్లాకిమిడి వైపు నుంచి వెళ్ళే అమ్మానాన్నల కోసం

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిన మన పర్లాకిమిడి, బరంపురం వాళ్ళలో చాలామంది నెలల తరబడి ఇంట్లోనే కూర్చుని, శని ఆదివారాలు వస్తే మాల్‌కో గుడికో వెళ్ళి తిరిగొచ్చేస్తారు. మ్యూజియం అంటే "మనకేం అర్థమవుతుందిలే" అంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ అదే మాటన్నాను, రెండోసారి మాత్రం వారానికోసారైనా వెళ్ళకపోతే తోచేది కాదు.

మా అబ్బాయి ఉండే ఊరు కాన్సాస్ సిటీ. పేరు చూసి కాన్సాస్ రాష్ట్రం అనుకోకండి, పెద్ద ఊరు ఉన్నది మిజోరీలో, అదే పేరుతో ఇంకో ఊరు పక్కనే కాన్సాస్‌లో ఉంది. పర్లాకిమిడి దాటి పాతపట్నంలో అడుగుపెడితే ఆంధ్రా వచ్చేసినట్టు అక్కడా అంతే, స్టేట్ లైన్ రోడ్ అని ఒక వీధే ఉంది. మనలాంటి సరిహద్దు వాళ్ళకి ఇది చెబితే వెంటనే అర్థమైపోతుంది.

ముందు నెల్సన్-ఆట్కిన్స్ మ్యూజియానికి వెళ్ళండి. 1933లో తెరిచారు, లోపలికి టికెట్ లేదు, ప్రత్యేక ప్రదర్శనలకి మాత్రం తీసుకుంటారు. కారు పెట్టడానికి డబ్బులు కట్టాలి కాబట్టి స్ట్రీట్‌కార్‌లో, అంటే పట్టాల మీద నడిచే ట్రామ్‌లో, వెళ్ళడం మేలు, అది అందరికీ ఉచితం, 2025లో ఆ లైన్‌ని మ్యూజియాల వైపుకి కూడా పొడిగించారు. అబ్బాయి ఆఫీసు అయ్యేదాకా ఎదురుచూడక్కర్లేదు. వారంలో రెండు రోజులు మూసేస్తారు, నేను వెళ్ళినప్పుడు మంగళ, బుధవారాలు, మీరు బయలుదేరే ముందు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

నేరుగా లోపలికి వెళ్ళిపోకండి. ముందు బయట పచ్చిక మీద తిరగండి. అక్కడ నాలుగు పెద్ద బ్యాడ్మింటన్ కాక్‌లు ఉంటాయి, ఒక్కోటి దాదాపు 18 అడుగులు, మన మేడ ఇంటి ఎత్తు. శిల్పి ఓల్డెన్‌బర్గ్, ఆయన భార్య వాన్ బ్రుగెన్ కలిసి 1994లో పెట్టారు. మ్యూజియం భవనం నెట్ అట, రెండు వైపులా ఉన్న పచ్చిక కోర్టు అట, ఎవరో రాక్షసులు ఆడుతూ వదిలేసి వెళ్ళినట్టు మూడు ఒక వైపు, ఒకటి అటువైపు పడి ఉంటాయి. మొదట్లో ఆ ఊరివాళ్ళలో చాలామందికి ఇవి నచ్చలేదు, ఇప్పుడు ఊరి గుర్తే అవి. కాబట్టి మొదటి చూపులో నచ్చలేదని మీరేం టెన్షన్ పడొద్దు.

అదే తోటలో హెన్రీ మూర్ అనే ఇంగ్లీషు శిల్పి చేసిన కంచు శిల్పాలున్నాయి. మనిషా, కొండరాయా తెలియదు, మధ్యలో బొక్కలు. ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ అర్థం కాదు. శ్రీముఖలింగంలో గుడి చుట్టూ ఎలా తిరుగుతాం, అలా ఒక ప్రదక్షిణం చెయ్యండి. నాలుగు అడుగులకోసారి ఆ శిల్పం వేరే ఆకారంలోకి మారుతుంది, ఒకచోట నుంచి పడుకున్న ఆడమనిషిలా కనబడింది నాకు. శిల్పం చూడటానికి నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే, దేనికైనా పనికొస్తుంది.

ఇంకో మాట, అక్కడ గాజుతో కట్టిన త్రికోణం చిక్కుదారి ఒకటి ఉంది, రాబర్ట్ మోరిస్ చేసింది. లోపలికి వెళ్తే చెయ్యి ముందుకి చాపుకుని నడవండి. నేను చాపలేదు, నుదురు బొప్పి కట్టింది, కోడలు వారం రోజులు నవ్వింది.

లోపల అన్నీ చూడాలనుకోకండి, గంటన్నర దాటితే మోకాళ్ళు ఒప్పుకోవు. నేనైతే రెండింటి దగ్గరే ఎక్కువసేపు గడుపుతాను. ఒకటి, చోళుల కాలపు కంచు నటరాజు. దేవుడి ముందు చెప్పులతో నిలబడటం మా ఆయనకి మనసొప్పలేదు, కానీ విప్పనివ్వరు. దణ్ణం పెట్టుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు, ముట్టుకోవడం మాత్రం కుదరదు. రెండోది చైనా నుంచి వచ్చిన చెక్క గ్వాన్‌యిన్, ఒక మోకాలు పైకి పెట్టి దాని మీద చెయ్యి వాల్చి తీరిగ్గా కూర్చున్న విగ్రహం. ఒడిశాలో బౌద్ధ క్షేత్రాలు రత్నగిరి, లలితగిరి చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, మన బోధిసత్వుడు అవలోకితేశ్వరుడే చైనా వెళ్ళి ఇలా అయ్యాడు. పక్కనున్న చీటీలో చివర 34-10 అని నంబరు ఉంటుంది, ఆ మొదటి 34 అంటే 1934లో మ్యూజియానికి వచ్చిందని. ఈ కిటుకు తెలిస్తే ప్రతి చీటీ చదవాలనిపిస్తుంది.

వీపు సంచి ఉంటే ముందుకి వేసుకోమంటారు లేదా తీసి పెట్టమంటారు, నీళ్ళసీసా తీసుకెళ్ళకండి, ఫోన్‌లో ఫ్లాష్ ఆపేయండి.

దగ్గర్లోనే కెంపర్ మ్యూజియం, అదీ ఉచితమే. బయట లూయీజ్ బూర్జువా అనే శిల్పి చేసిన పెద్ద సాలీడు ఉంటుంది. భయపడకండి, వాళ్ళమ్మ పాత నేతబట్టలు బాగుచేసే మనిషి, ఆవిడనే సాలీడుగా చేసింది. బరంపురం పట్టు నేసే ఇళ్ళవాళ్ళకి ఈ పోలిక వేరే చెప్పక్కర్లేదు.

చిన్న చిన్న గ్యాలరీలు కావాలంటే ప్రతి నెలా మొదటి శుక్రవారం సాయంత్రం క్రాస్‌రోడ్స్ అనే పేట వైపు వెళ్ళండి, మన తిరనాళ్ళలా జనం. కొనకపోయినా లోపలికి వెళ్ళొచ్చు, హలో అని నవ్వితే చాలు, ధర అడిగినా తప్పు లేదు. బొమ్మ పక్కన ఎర్రచుక్క ఉంటే అమ్ముడైపోయిందని అర్థం.

వేసవిలో వెళ్తే ఒక రోజు పొద్దుపోయేదాకా నెల్సన్ పచ్చిక మీదే ఉండండి. పులిహోర కట్టుకుని వెళ్ళండి. జూన్‌లో అక్కడ సూర్యాస్తమయానికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది, అప్పుడు 2007లో కట్టిన కొత్త భాగం, సగం నేలలో ఉండే ఆ గాజు గదులు, లోపలి దీపాలతో లాంతర్లలా వెలుగుతాయి.