దిగిన బరువును నిలుపుకోవడం – 5వ పాఠం: భయపడకుండా ఒక మెట్టు పెంచి తినడం

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం పూర్తయిందా? నాలుగు వారాలపాటు రోజూ ఉదయం, ఏమీ తినకముందే బరువు చూసి, ఏడు రోజులకు ఒక సగటు వేయమన్నాను. ఆ నాలుగు వారాల్లో తిన్నదాని కేలరీలు కూడా రాసిపెట్టమన్నాను. ఆ అంకెలు చేతిలో ఉన్నవాళ్లే ముందుకు రండి. లేనివాళ్లు ఆ పని ముగించుకుని వస్తే మంచిది. ఈ పాఠమంతా వాటిమీదే నడుస్తుంది.

ఈసారి నేర్చుకోబోయే పని వినడానికి హాయిగా ఉంటుంది: ఎక్కువ తినడం. చేయబోతే మాత్రం చేయి వణుకుతుంది. నెలల తరబడి కంచంలోంచి తీసేయడమే అలవాటు చేసుకున్నాం. తీసేసిన ప్రతిసారీ మనల్ని మనమే మెచ్చుకున్నాం. ఇప్పుడు అదే చేత్తో తిరిగి వడ్డించుకోవాలంటే ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంటుంది. ఈ భయాన్ని ధైర్యవచనాలతో పోగొట్టవచ్చని నేను అనుకోను. లెక్కతోనే పోగొట్టాలి. అందుకే ముందు లెక్క.

ఒక్క హెచ్చరిక. మధుమేహానికి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు, మూత్రపిండాల జబ్బో గుండెజబ్బో ఉన్నవాళ్లు తిండి పరిమాణం మార్చేముందు తమ వైద్యుడితో మాట్లాడాలి. తిన్నాక బలవంతంగా వాంతి చేసుకోవడం, రోజుల తరబడి పస్తులుండటం, తిండి పేరు చెబితేనే వణుకు పుట్టడం వంటివి ఉంటే అది ఈ పాఠంతో తీరే సంగతి కాదు. వైద్య సహాయం అవసరం.

మీ నిలకడ అంకె

ఎంత తింటే బరువు పెరగకుండా, తగ్గకుండా ఉంటుందో ఆ కేలరీల సంఖ్యను ఈ పాఠాల్లో 'నిలకడ అంకె' అంటున్నాం. వయసు, ఎత్తు ఇస్తే ఈ అంకె చెప్పే సూత్రాలు చాలా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టండి. అవి సగటు మనిషికి సరిపోతాయి. మీ దగ్గర అంతకంటే నమ్మకమైన సాక్ష్యం ఉంది, అది మీ నాలుగు వారాల చిట్టా.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒకామె 82 కిలోల నుంచి 70కి వచ్చింది. చివరి నాలుగు వారాల్లో రోజుకు సుమారు 1,500 కేలరీలు తిన్నట్టు చిట్టాలో ఉంది. వారపు సగటు వారానికి 0.3 కిలో చొప్పున తగ్గుతూ వచ్చింది. శరీరంలోని ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయని లెక్క. 0.3ను 7,700తో గుణిస్తే 2,310. దాన్ని ఏడు రోజులకు పంచితే రోజుకు 330. అంటే ఆమె ఖర్చు చేస్తున్నదానికంటే రోజుకు 330 తక్కువ తింటోంది. 1,500కు 330 కలిపితే 1,830. ఈ రోజుకు ఆమె నిలకడ అంకె అదే.

'నేను రాసిన చిట్టాలో తప్పులుంటాయి కదా' అని మీకు అనుమానం రావచ్చు. తప్పకుండా ఉంటాయి. వేసిన నూనె, నోట్లో వేసుకున్న గింజలు రాయడం అందరం మరిచిపోతాం. ఈ పద్ధతి అందమంతా ఇక్కడే ఉంది. మీ తక్కెడ వంకరే అయినా, ఇప్పటిదాకా తూచిందీ ఇకమీద తూచబోయేదీ దాంతోనే కాబట్టి వంకర రెండువైపులా సమానమవుతుంది. ఆమె నిజంగా తిన్నది 1,700 కావచ్చు, నిజమైన నిలకడ 2,030 కావచ్చు. ఆమె చేయాల్సింది మాత్రం మారదు: అలవాటైన కొలతకు 330 చేర్చడం. అందుకే ఈ సమయంలో కొలిచే పద్ధతి మార్చకండి, కొత్త కప్పులు కొనకండి, కొత్త యాప్‌కు మారకండి.

ఇంకో మాట. 82 కిలోలున్నప్పుడు తిన్నంత ఇప్పుడు తినవచ్చా? తినకూడదు. చిన్నదైన శరీరానికి ఖర్చు తక్కువ. తగ్గిన ఒక్కో కిలోకు రోజువారీ ఖర్చు సుమారు 20–30 కేలరీలు పడిపోతుంది. పన్నెండు కిలోలకు 240 నుంచి 360 దాకా. కాబట్టి నిలకడ దశ అంటే పాత తిండికి తిరిగి వెళ్లడం కాదు. తగ్గింపు రోజుల తిండికీ పాత తిండికీ మధ్య ఎక్కడో ఉన్న మూడో చోటు అది. చాలామందికి ఆ మధ్య చోటు తెలియదు. అందుకే ఒకవైపు నుంచి మరోవైపుకు ఊగుతూ ఉంటారు.

తాడు, పాము

ఇక అసలు సంగతికి వద్దాం. తిండి పెంచిన మూడో రోజో నాలుగో రోజో బరువు యంత్రం ఒక కిలో ఎక్కువ చూపిస్తుంది. చూపించవచ్చు అనడం లేదు, చూపిస్తుందనే సిద్ధపడి ఉండండి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ అంకె చూడగానే నిన్న తిన్న ప్రతి ముద్దనూ నేరాల జాబితాలా గుర్తు చేసుకుంటాం.

నా సంగతీ అంతే. మొదటిసారి 150 కేలరీలు పెంచిన నాలుగో ఉదయం 900 గ్రాములు ఎక్కువ కనిపించాయి. ఆ రోజు మధ్యాహ్నం భోజనం మానేశాను. రాత్రి పదింటికి వంటింట్లో నిలబడి, ఏం తింటున్నానో చూసుకోకుండా తిన్నాను. మర్నాడు మళ్లీ కోత. ఇలా రెండు వారాలు గడిచాయి. ఆ రెండు వారాల చిట్టా ఇప్పటికీ దాచుకున్నాను. దేనికీ పనికిరాని చిట్టా అది.

ఆ 900 గ్రాములు ఏమిటి? మన కండరాల్లోనూ కాలేయంలోనూ పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. బాగా తినే పెద్దవాళ్లలో కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా. తక్కువ తినే రోజుల్లో ఈ గిడ్డంగి సగం ఖాళీగా ఉంటుంది. తిండి పెంచగానే శరీరం మొదట దాన్నే నింపుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. 200 గ్రాములు తిరిగి నిండితే నీటితో కలిపి 800 గ్రాములు. తిండి పెరిగింది కాబట్టి పేగుల్లో ఉండే పదార్థం బరువూ పెరుగుతుంది. ఉప్పు కాస్త ఎక్కువైతే ఆ నీరు వేరు. ఇవన్నీ కలిస్తే కిలో, కిలోన్నర. ఇందులో కొవ్వు ఎక్కడుంది? బరువు తగ్గడం మొదలుపెట్టిన తొలి వారంలో యంత్రం ఒక్కసారిగా రెండు కిలోలు తగ్గించి చూపినప్పుడు సంబరపడ్డాం కదా, అప్పుడు పోయిన నీరే ఇప్పుడు తిరిగొచ్చింది. అప్పటి సంబరం ఎంత నిజమో ఇప్పటి భయమూ అంతే నిజం.

మన ఉదాహరణకే లెక్క కట్టండి. ఆమె 1,500కు 150 చేర్చి 1,650 తింటోంది. నిలకడ అంకె 1,830. అంటే పెంచాక కూడా రోజుకు 180 తక్కువే తింటోంది. తక్కువ తింటున్న శరీరం కొత్తగా కొవ్వు పోగు చేయడానికి సరుకు ఎక్కడినుంచి తెస్తుంది? నాలుగు రోజుల్లో 900 గ్రాముల కొవ్వు చేరాలంటే నిలకడకు పైన దాదాపు 7,000 కేలరీలు తినాలి. అంత తిని ఉంటే అది ఆమెకు తెలియకుండా జరగదు. మసక వెలుతురులో తాడును చూసి పామనుకోవడం ఇదే. దీపం పెట్టి చూడాలి. మనకు దీపం ఆ 7,700.

ఈ లెక్కను భయం పుట్టినప్పుడు కాదు, ఇప్పుడే చేసి పెట్టుకోండి. మెట్టు పెంచే ముందు రోజు ఒక కాగితం మీద రాయండి: 'రాబోయే పది రోజుల్లో యంత్రం కిలో నుంచి కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. అది నీరు.' కింద తేదీ వేయండి. ఆ కాగితాన్ని యంత్రం పక్కనే పెట్టండి. ముందే ఊహించి రాసుకున్న అంకె ఎదురైతే గుండె అంతగా అదరదు.

ఎన్ని మెట్లు?

వారానికి 50 కేలరీల చొప్పున మూడు నెలలు పెంచుకుంటూ పోవాలనే సలహా బాగా ప్రచారంలో ఉంది. నాకు అది నచ్చదు. 50 కేలరీలంటే ఒక టీ స్పూను నూనెకు కాస్త ఎక్కువ. ఇంటి కొలతల్లో వచ్చే తేడాయే అంతకు మించి ఉంటుంది. పెరిగిందో లేదో మీకే తెలియని మెట్టు మెట్టెలా అవుతుంది? పైగా అది పేరు మార్చుకున్న మరో మూడు నెలల కోత. అలాగని ఒకేసారి మొత్తం 330 పెంచడం తప్పేమీ కాదు, ధైర్యముంటే. లేనివాళ్లకు రెండు మెట్లు చాలు: మొదటి రెండు వారాలు 150, తర్వాత మిగిలిన 180. నెలలో పని ముగుస్తుంది. మీ లోటు 500కు పైన ఉంటే మూడు మెట్లు చేసుకోండి.

పెంచినదాన్ని రోజంతా చిలకరించకండి. ఏదో ఒక పూటకు, బాగా ఆకలేసే పూటకు, మొత్తం చేర్చండి. కొలిచి చేర్చగలిగిన పదార్థమే ఎంచుకోండి: పిండిపదార్థం ఒక వడ్డన ఎక్కువో, గింజలు ఓ గుప్పెడో. 30 గ్రాముల గింజలు 170–180 కేలరీల దాకా ఇస్తాయి కాబట్టి కళ్లతో కాదు, తూకంతో. ప్రొటీన్, కూరగాయలు తగ్గించి ఆ చోట కొత్తది పెట్టకండి. అవి ఉన్నచోటే ఉండాలి.

ఈ నెలలో నడక పెంచవద్దు, తగ్గించవద్దు. ఎక్కువ తిన్నానని సాయంత్రం అరగంట అదనంగా నడిచి రావడం అందరికీ వచ్చే ఆలోచనే. అది వ్యాయామం కాదు, జరిమానా. పైగా తిండీ నడకా రెండూ మారితే బరువులో మార్పుకు కారణం ఏదో తేలదు. ఒకసారికి ఒక్కటే మార్చడం ప్రయోగశాలలోనే కాదు, వంటింట్లోనూ పనికొచ్చే నియమం.

ఆకలి సంగతి

'ఎక్కువ తింటున్నాను, అయినా ఆకలి తీరడం లేదు, నాలో ఏదో లోపముంది' అనే మాట ఈ దశలో వినిపిస్తూ ఉంటుంది. లోపం కాదు. బరువు తగ్గితే కొవ్వు కణాల నుంచి వచ్చి ఆకలిని అణచే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఈ హార్మోన్లు పూర్తిగా పాత స్థాయికి రాలేదని తేలింది. తగ్గిన ఒక్కో కిలోకు ఖర్చు 20–30 కేలరీలు పడిపోతే, ఆకలి మాత్రం రోజుకు వంద కేలరీల చొప్పున పెరుగుతుందని అమెరికా శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం 2016లో లెక్కకట్టింది. అసలు కష్టం మందగించిన జీవక్రియ కంటే ఈ ఆకలిలోనే ఎక్కువ ఉంది.

ఇంకా వెనక్కి వెళితే, రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలపాటు తిండి సగానికి తగ్గించాడు. వాళ్లు దాదాపు నాలుగో వంతు బరువు కోల్పోయారు. అంతకుముందు వంటమీద ఆసక్తే లేనివాళ్లు వంట పుస్తకాలు చదవడం, తిండి గురించి కలలు కనడం మొదలైంది. తిండి తిరిగి ఇచ్చాక కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. వాళ్లను తిండిపోతులని ఎవరూ అనలేదు. మిమ్మల్ని మీరు కూడా అనుకోకండి. మన కోత వాళ్లదంత తీవ్రం కాదు కాబట్టి మన ఆకలీ అంత ఉండదు. నిలకడలో కొన్ని వారాలు గడిచేసరికి తిండి ధ్యాస కొంత సడలుతుంది. కొంతే సుమా, పూర్తిగా పోతుందని నేను మాటివ్వను.

అంకె కాదు, పట్టీ

తగ్గే రోజుల్లో మనకు ఒక గమ్యం ఉండేది: 70. నిలకడలో ఒక్క అంకె మీద నిలబడటం ఎవరికీ సాధ్యం కాదు. ఒక పట్టీ కావాలి. నీరు నిండాక ఏర్పడిన సగటును మధ్యలో పెట్టి, పైకి కిలోన్నర, కిందకి కిలోన్నర. మన ఉదాహరణలో నాలుగు వారాల సగటులు ఇలా వచ్చాయనుకుందాం: మొదలుపెట్టినప్పుడు 70.1, తర్వాత 70.6, 70.8, 71.1, 71.0. ఎక్కింది, ఆగింది. ఇది నీరు నిండి నిలబడిన వరస. ఆమె మధ్య అంకె ఇక 71, 70 కాదు. 'మళ్లీ 70కి రావాలి' అని పట్టుబడితే ఆమె ఎప్పటికీ కోతలోనే ఉండిపోతుంది.

నాలుగు వారాల తర్వాత కూడా వారానికి 0.3 చొప్పున ఎక్కుతూనే ఉంటే అది వేరే సంగతి. పైన చేసిన లెక్క తిరగేయండి: రోజుకు 330 ఎక్కువవుతోంది. ముందు కోత పెట్టకండి, ముందు తూచండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు, నా అనుభవంలో, కొలవడం మానేసి చేత్తో వేసుకోవడం మొదలై ఉంటుంది.

ఈ పట్టీ పద్ధతి కొత్తదేమీ కాదు. 2006లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో, బరువు తగ్గి ఉన్న 314 మందిలో కొందరికి ఇలాంటి పద్ధతే నేర్పారు. రోజూ బరువు చూసుకోవడం, పచ్చ, పసుపు, ఎరుపు హద్దులు పెట్టుకోవడం, ఏ హద్దులో ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవడం. ముఖాముఖి కలుస్తూ నేర్చుకున్నవాళ్లలో తిరిగి బరువు పెరిగినవాళ్లు తక్కువ. ఎరుపు దాటితే ఏం చేయాలన్నది ఆరో పాఠంలో చూద్దాం.

ఈ రెండు వారాల అభ్యాసం

మీ నాలుగు సగటులతో నిలకడ అంకె లెక్కకట్టండి. మొదటి మెట్టు ఎంతో, ఏ పూటకు ఏ పదార్థం రూపంలో చేరుతుందో గ్రాముల్లో రాయండి. కాగితం మీద ముందస్తు అంకె రాసి తేదీ వేయండి. రోజూ బరువు చూడండి, కానీ వారపు సగటు వేసేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకండి. రోజువారీ అంకె చూస్తే మనసు కలత పడేవాళ్లు వారానికి మూడు రోజులు చూసినా చాలు, ఆ మూడు రోజులూ ముందే ఎంచుకోవాలి. యంత్రం కిలో ఎక్కువ చూపిన రోజున మీరు ఏ పూటా మానకుండా తిన్నారా లేదా అన్నది చిట్టాలో పక్కన ఒక టిక్కుతో గుర్తు పెట్టండి. ఆరో పాఠానికి వచ్చేటప్పుడు నేను మొదట అడిగేది బరువు కాదు, ఆ టిక్కులే.