అంబాసిడర్‌కు డస్ట్ క్యాప్ వేసే ముందు జాగ్రత్తలు

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్న బండ్లను మనమే కాపాడుకోవాలి. నల్లగొండ చుట్టుపక్కల మట్టిరోడ్ల మీద తిరిగే బండికి ముందు చక్రం డస్ట్ క్యాప్, అంటే చక్రం మధ్యలోని హబ్‌ను మూసే చిన్న రేకు మూత, ఊడిందంటే, ఎర్రదుమ్ము నేరుగా గ్రీజులో కలుస్తుంది. ఆ గ్రీజును రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి, గరగరలాడుతుంది. బేరింగును తినేసేది ఆ గరుకే.

• గట్టి నేల మీద ఆపి, వెనక చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండు ఉండాల్సిందే.

• కొత్త క్యాప్ కొనేముందు హబ్ లోపలి కొలత వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరం) తీయండి. "అన్నిటికీ ఇదే పడుతుందన్నా" అని షాపువాడు అంటే వినొద్దు. వదులైతే దారిలో రాలిపోతుంది.

• దుమ్ము కలిసిన గ్రీజు మీద కొత్త క్యాప్ వేస్తే దుమ్మును లోపల పెట్టి తాళం వేసినట్టే. బేరింగును కిరసనాయిలుతో కడిగి, బాగా ఆరనిచ్చి, కొత్త గ్రీజు పట్టించండి. క్యాప్ నిండా మాత్రం కూరొద్దు, వేడికి బయటికి తన్నుకొస్తుంది.

• హబ్ నట్టు వదులవకుండా ఆపే స్ప్లిట్ పిన్ కొత్తదే వేయండి. కొసలు క్యాప్‌కు తగలకుండా మడవండి.

• సుత్తితో నడిమధ్యన కొట్టొద్దు. మా నాయిన బండికి నేను అలాగే కొట్టాను. సొట్టపడి, పిన్నుకు రాసుకుని, చక్రం తిరిగినప్పుడల్లా కిర్రుమనేది. అంచు మీద సరిగ్గా కూర్చునే పైపు ముక్క ముందే వెతికి పెట్టుకోండి. దాని మీద చిన్నగా, చుట్టూ సమానంగా కొట్టాలి.