ఒక రీసెర్చర్ పేపర్లు ఎలా వెతకాలి, ఎలా చదవాలి? హెచ్‌పీవీ పేపర్ ఒకటి ముందు పెట్టుకుని

మా మేనకోడలు శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. మొన్నామధ్య సెమినార్ ఇచ్చారు, లైంగిక ఆరోగ్యం, అంటురోగాల మీద పనిచేసిన ఒక రీసెర్చర్‌ని తీసుకుని ఆ మనిషి రాసిన రీసెర్చ్ పేపర్ల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ఈ పిల్ల ఏం చేసిందంటే నెట్‌లో పేరు కొట్టి వచ్చిన లిస్టు అంతా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర జిరాక్స్ షాపుకెళ్లి ప్రింట్ తీయించింది, నలభై పేజీలు. షాపు కుర్రాడు పైన హెడ్డింగులు చదివి, ఓసారి ఈమె మొహం చూసి, కట్ట తిరగేసి చేతికిచ్చాడంట. "మావయ్యా, సిగ్గుతో సచ్చిపోయేను, ఇంతా చేసి ఇందులో ఏది సదవాలో తెలీట్లేదు" అని ఆదివారం ఆమదాలవలస మా ఇంటికొచ్చేసింది.

నేను డాక్టర్ని కాదు, ల్యాబ్‌లో పని, కాకపోతే పేపర్లు చదవడం ఎప్పట్నుంచో అలవాటు. ఆ రోజు ఇద్దరం కూర్చుని చేసిందే ఇక్కడ రాస్తున్నా, నర్సింగ్ వాళ్లకే కాదు, ఆశా కార్యకర్తలకైనా, ఇంట్లో ఆడపిల్లలున్న ఎవరికైనా పనికొస్తుంది.

స్టెప్ 1. ముందు ప్రశ్న పెట్టుకోండి, మనిషి తర్వాత

"నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది ఏటి?" అని అడిగా. కాసేపు ఆలోచించి, "చెల్లి ఎనిమిదో క్లాసు కదా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ ఇంజెక్షన్ వేయించమంటన్నారు, అమ్మ ఒక్క డోసు చాలా, మూడు కావాలా అని అడిగింది, నాకు తెలీదు" అంది. అదిగో, అదే ప్రశ్న. హెచ్‌పీవీ లైంగికంగా అంటుకునే వైరస్సే, కాబట్టి సెమినార్ టాపిక్ కూడా కుదిరింది. అప్పుడు మనిషిని వెతికాం. మన దేశంలో ఈ విషయం మీద పేరున్న వాళ్లలో రెంగస్వామి శంకరనారాయణన్ ఒకరు, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి అనుబంధంగా ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీలో చాలా ఏళ్లు పనిచేశారు.

స్టెప్ 2. పేరు సరిగ్గా కొట్టండి

పబ్‌మెడ్ అని ఫ్రీ సైట్ ఉంది, అమెరికా ప్రభుత్వ మెడిసిన్ లైబ్రరీ నడుపుతుంది, వైద్యం పేపర్లకి అదే పెద్ద బజారు. ఇంగ్లీష్‌లోనే టైప్ చేయాలి. అందులో ఇంటిపేరు ముందు, ఇనీషియల్ వెనక. కానీ మన దక్షిణాది పేర్లతో ఇక్కడే చిక్కు, ఇంటిపేరు ఏదో, సొంత పేరు ఏదో వాళ్లకి తెలీదు, ఏది చివర ఉంటే దాన్నే ఇంటిపేరు అనేసుకుంటారు. పైగా ఒకే పేరు చాలామందికి ఉంటుంది. మన సికాకోలు జిల్లాలో సూర్యనారాయణా అని పిలిస్తే వీధికిద్దరు పలుకుతారు, అక్కడా అంతే. మా పిల్ల నలభై పేజీల కట్టలో ఉక్కు గురించి, బ్యాటరీల గురించి పేపర్లు కూడా ఉన్నాయి, అవి వేరే శంకరనారాయణన్‌వి! పేరు పక్కన హెచ్‌పీవీ అనో సర్వైకల్ (గర్భాశయ ముఖద్వారానికి ఇంగ్లీష్ మాట) అనో ఒక మాట కలిపి కొడితే చెత్త చాలావరకు పోతుంది. ఓఆర్‌సీఐడీ అని రీసెర్చర్లకి 16 అంకెల నంబర్ ఉంటుంది, మన ఆధార్ లాంటిదనుకోండి, అది ఉన్నవాళ్లకైతే దాంతో వెతికితే ఇంకా మేలు.

స్టెప్ 3. లిస్టుని కుప్పలుగా విడగొట్టండి

సొంతంగా జనం మీద చేసిన స్టడీలు ఒక కుప్ప, వేరేవాళ్ల స్టడీలన్నీ కలిపి రాసిన రివ్యూలు ఒక కుప్ప, ఉత్తరాలూ అభిప్రాయాలూ ఒక కుప్ప. మూడో కుప్ప పక్కన పెట్టేయండి. పేర్ల వరస కూడా చూడాలి, మామూలుగా మొదటి పేరు ఎక్కువ పని చేసినవాళ్లది, చివరి పేరు టీమ్ పెద్దది. మూడొందల పేపర్లు రాశారు, ఇన్ని సైటేషన్లు వచ్చాయి (అంటే వేరే పేపర్లు ఇన్నిసార్లు వీళ్ల పేరు చెప్పాయి) అని స్లైడ్ మీద వేస్తే చప్పట్లు కొడతారేమో గానీ చెల్లికి ఎన్ని డోసులో తేలదు.

మేం రెండు పేపర్లు తీశాం. ఒకటి 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది, మహారాష్ట్ర ఉస్మానాబాద్ పల్లెల్లో 1,31,746 మంది ఆడవాళ్ల మీద చేసినది. 30 నుంచి 59 ఏళ్ల వాళ్లకి జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ టెస్టు చేసి, తేడా ఉన్నవాళ్లకి వైద్యం చేస్తే ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగం తగ్గాయి. ఇది పిల్లలకి కాదు, వాళ్లమ్మకి పనికొచ్చే పేపర్ అని మా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పా.

రెండోది 2021 నవంబర్‌లో లాన్సెట్ ఆంకాలజీ అనే క్యాన్సర్ వైద్య పత్రికలో వచ్చింది, మొదటి పేరు పార్థ బసు, చివరి పేరు శంకరనారాయణన్. మన ప్రశ్నకి జవాబు ఇందులో ఉంది.

స్టెప్ 4. ఫుల్ పేపర్ తెచ్చుకోండి

పైనుండే చిన్న సారాంశం చదివి వదిలేయకండి. పబ్‌మెడ్‌లో పక్కనే ఫ్రీ ఫుల్ టెక్స్ట్ అని ఫిల్టర్ ఉంటుంది, టిక్ పెడితే సరి. డబ్బులడిగితే కట్టొద్దు, పేపర్‌లో రాసినవాళ్ల మెయిల్ ఉంటుంది, నేను ఫలానా, ఫలానా పని కోసం కావాలి అని మర్యాదగా రెండు లైన్లు రాస్తే చాలామంది పంపిస్తారు.

స్టెప్ 5. ఎవర్ని, ఎంతమందిని, దేనితో పోల్చారో చూడండి

ఇక్కడ తొందరపడొద్దు, టీ పెట్టుకుని కూర్చోండి.

2009 సెప్టెంబర్‌లో ఈ రెండో పేపర్ స్టడీ మొదలెట్టింది రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి. ఒక్క డోసు మాటే లేదు. దేశంలో తొమ్మిది చోట్ల, హైదరాబాద్ కూడా ఒకటి, 10 నుంచి 18 ఏళ్ల పెళ్లికాని అమ్మాయిలు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం మధ్యలో ఆపేసింది. పేపర్‌లో ఇది ఒక్క ముక్కలో ఉంటుంది, స్టడీకి సంబంధం లేని కారణాల వల్ల అని. ఆ కారణం ఎక్కడిదో తెలుసా, మన తెలుగు నేలదే! అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లో వడోదరలో పాత్ (PATH) అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ వేరే ప్రాజెక్టుగా అమ్మాయిలకి ఇదే రోగానికి వ్యాక్సీన్ వేయించింది, కొందరు పిల్లలు చనిపోయారని గొడవైంది. చావులకి వ్యాక్సీన్ కారణం అన్నట్టు కనపడలేదని విచారణ కమిటీ చెప్పింది గానీ, అనుమతి కాగితాల మీద చాలాచోట్ల అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లూ హెడ్మాస్టర్లూ సంతకాలు పెట్టేశారని కూడా బయటపడింది. మన సీతంపేట ఏజెన్సీలో హాస్టల్లో ఉన్న పిల్లకి అలగ జరిగితే ఊరుకుంటామా? ఉద్దానంలో కిడ్నీ జబ్బుకని ఎన్నిసార్లు రక్తం ఇచ్చామో మనకి తెలుసు, కాబట్టి ఏ పేపర్ తీసినా అనుమతి ఎవరిచ్చారు, ఎలా తీసుకున్నారు అన్న పేరా నేను ముందు చదువుతా, నాకదో జబ్బు.

సరే, ఆపేసరికి ఏమైందంటే 17,729 మంది అమ్మాయిలు నాలుగు ముక్కలయ్యారు. మూడు డోసులూ పడినవాళ్లు 4,348, ఆర్నెల్ల తేడాతో రెండు పడినవాళ్లు 4,980, రెండు నెలల తేడాతో రెండు పడి ఆగిపోయినవాళ్లు 3,452, ఒక్కటే పడినవాళ్లు 4,949. టీమ్ వాళ్లు అక్కడితో వదిలేయకుండా అందర్నీ ఏళ్ల తరబడి ఫాలో అయ్యారు, సుమారు తొమ్మిదేళ్లు. హెచ్‌పీవీ 16, 18 రకాలు (ఈ క్యాన్సర్‌కి ఎక్కువగా కారణమయ్యేవి ఇవే) ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసు 95.4 శాతం కాపాడింది, రెండు డోసులు 93.1, మూడు డోసులు 93.3.

ఇది చూడగానే మా పిల్ల స్లైడ్ రాసేసింది: "మూడు కంటే ఒకటే మంచిది". నేను పెన్ను లాక్కున్నా. ఆ అంకెల పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో రెండు అంకెలుంటాయి, అవి చదవాలి. ఒక్క డోసుకి 85.0 నుంచి 99.9, మూడింటికి 77.5 నుంచి 99.7. అంటే అసలు విలువ ఆ మధ్యలో ఎక్కడో ఉండొచ్చని. రెండూ ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి కదా, అలాంటప్పుడు ఒకటి గెలిచింది అనకూడదు, ఒక్క డోసు వెనకపడినట్టు కనపడలేదు అనాలి, అంతే.

ఇంకో రెండు మెలికలున్నాయి. ఎవరికి ఒక్క డోసు అని చీటీలు తీసి పంచలేదు, ఆపేయడం వల్ల అలా మిగిలారు, వ్యాక్సీన్ పడనివాళ్లని పోల్చడానికి తర్వాత చేర్చారు. చూసింది కూడా క్యాన్సర్‌ని కాదు, ఇన్ఫెక్షన్ ఉండిపోవడాన్ని, ఎందుకంటే ఇన్ఫెక్షన్ నుంచి క్యాన్సర్ దాకా రావడానికి మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. చివర్లో డబ్బులెవరిచ్చారో కూడా చూడండి, ఇందులో గేట్స్ ఫౌండేషన్ అని ఉంటుంది. డబ్బు తీసుకున్నంత మాత్రాన పేపర్ తప్పని కాదు, తెలిసి చదవాలి.

స్టెప్ 6. వేరేవాళ్లకీ అదే వచ్చిందా?

ఒక్క పేపర్‌తో ఆగొద్దు. కెన్యాలో రువాన్ బర్నబాస్ టీమ్ 15 నుంచి 20 ఏళ్ల 2,275 మందిని ఈసారి చీటీలు తీసినట్టే పంచి ఒక్క డోసు పరీక్షించింది, 2022లో వచ్చిన ఫలితం 18 నెలలకి 97.5 శాతం. మన దేశం స్టడీలో ఉన్న లోటు ఇది పూడ్చింది, దీనిలో లేని తొమ్మిదేళ్ల ఫాలో అప్ మనదాంట్లో ఉంది. 2022 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకి ఒక్క డోసు కూడా పనికొస్తుందని రాసింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి మాత్రం కాదు, వాళ్లకి కనీసం రెండు, వీలైతే మూడు. ఈ ముక్క వాట్సాప్‌లో ఎవడూ ఫార్వర్డ్ చేయడు.

అలాగే పేపర్ పేరు పైన రిట్రాక్టెడ్ అని ఉందేమో చూడండి, అంటే వెనక్కి తీసేసుకున్నారని. మెడ్‌ఆర్కైవ్ లాంటి చోట దొరికితే అది ఇంకా వేరే నిపుణులు దిద్దని కాపీ, అదే ఫైనల్ అనుకోవద్దు.

స్టెప్ 7. మన మాటల్లో చెప్పండి

క్లాసులో సెక్సువల్లీ ట్రాన్స్‌మిటెడ్ అంటే రాసేసుకుంటారు, ఊళ్లో మాత్రం సుఖవ్యాధి అనగానే వినేవాళ్లు తల దించేస్తారు, సవాయి, సెగ అన్నవి ఇక్కడ తిట్ల కింద లెక్క. హెచ్‌పీవీని సుఖవ్యాధి అని మొదలెడితే ఏ తల్లీ కూతురికి ఇంజెక్షన్ వేయించదు. చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తగిలి, ఎక్కువమందికి దానంతటదే పోయే వైరస్, కొందరిలో మాత్రం ఉండిపోయి క్యాన్సర్ అవుతుంది అని చెప్పండి, నిజం కూడా అదే. ఎవరైనా సొంత సమస్య అడిగితే పేపర్ చదివి వైద్యం చెప్పకండి, ప్రభుత్వాసుపత్రిలో ఇలాంటి జబ్బులు చూసే సురక్ష క్లినిక్‌కి పంపండి, హెచ్‌ఐవీ సందేహాలైతే 1097కి ఫోన్ ఫ్రీ.

సెమినార్ అయ్యాక మా పిల్ల ఫోన్ చేసింది. స్లైడ్లు ఆరే పెట్టిందంట, అందులో ఒకటి మొత్తం ఖమ్మం సంతకాల గురించే. మేడమ్ అదొక్కటే మళ్లీ వెనక్కి తిప్పించి, మన ఆసుపత్రిలో అనుమతి కాగితం మీద ఎవరు సంతకం పెడతన్నారో ఎప్పుడైనా చూశారా అని క్లాసుని అడిగారంట, ఒక్కరూ పలకలేదు.