ఔట్‌లుక్ మొరాయిస్తే: ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్‌లో సాయం చేసేవాళ్ల కోసం

"మెయిల్ పనిచెయ్యట్లేదు" అన్న మాటకు నాలుగు అర్థాలుంటాయి. ప్రోగ్రామ్ అసలు తెరుచుకోవట్లేదు. తెరుచుకున్నా కొత్త మెయిళ్లు రావట్లేదు. వస్తున్నాయి గానీ ఇటునుంచి పోవట్లేదు. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ అడుగుతోంది. నాలుగింటికీ మందు వేరు. నాన్నగారో మేనమామో ఫోన్ చేయగానే "రీస్టార్ట్ చేశారా" అని మొదలుపెట్టకుండా, స్క్రీన్‌ను ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. "ఏదో ఇంగ్లీషులో వచ్చింది, ఓకే నొక్కేశా" అంటారు చూడండి, సగం జవాబు ఆ "ఏదో"లోనే ఉంటుంది.

ఇక్కడ చెప్పేదంతా విండోస్‌లో నడిచే క్లాసిక్ ఔట్‌లుక్ (మైక్రోసాఫ్ట్ పాత మెయిల్ ప్రోగ్రామ్), అందులో పెట్టుకున్న జీమెయిల్ ఖాతా గురించి. మీరు వేరే ఊళ్లోనో అమెరికాలోనో ఉంటే విండోస్‌తోపాటు వచ్చే, దూరం నుంచే వాళ్ల స్క్రీన్ చూసి సాయం చేసే క్విక్ అసిస్ట్ వాడండి. వాళ్లు కంట్రోల్, విండోస్, క్యూ కీలు కలిపి నొక్కాలి. మీరు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి, వచ్చిన కోడ్ చదివితే వాళ్లు టైప్ చేస్తారు. ఒక్క హెచ్చరిక మాత్రం ముందే చెప్పిపెట్టండి: "ఔట్‌లుక్ కస్టమర్ కేర్ నంబర్" అని గూగుల్‌లో వెతికి దొరికిన నంబరుకు ఫోన్ చేయొద్దని. అలా దొరికే వాటిలో మోసగాళ్ల నంబర్లుంటాయి. చేసి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ముందు చేయకూడనివి

అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఎక్కించడం అందరికీ మొదట తట్టే ఉపాయం. దాంతో బాగుపడేది చాలా తక్కువ. సెట్టింగులుండే ప్రొఫైల్, మెయిళ్లుండే ఫైలు ఎక్కడివక్కడే ఉండిపోతాయి కాబట్టి కొత్తగా ఎక్కించిన ప్రోగ్రామ్ పాత జబ్బునే తెచ్చుకుంటుంది. ఖాతా తీసేసి మళ్లీ పెట్టడం ఇంకా ప్రమాదం. "ఫైల్", "అకౌంట్ సెట్టింగ్స్"లోకి వెళ్తే ఖాతా పక్కన పాప్ అనో ఐమ్యాప్ అనో ఉంటుంది, మెయిళ్లను తెచ్చుకునే రెండు పద్ధతులవి. ఐమ్యాప్ అయితే మెయిళ్లు సర్వర్‌లో ఉంటాయి, కంప్యూటర్‌లో ఉన్నది నకలు. పాప్ అయితే ఏళ్లనాటి మెయిళ్లు ఈ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండొచ్చు.

పాప్ అని తేలితే వేరే ఏ పనికీ ముందు, అదే కిటికీలో "డేటా ఫైల్స్" ట్యాబ్‌కు వెళ్లి "ఓపెన్ ఫైల్ లొకేషన్" నొక్కి, మెయిళ్లుండే పీఎస్‌టీ ఫైలు ఎక్కడుందో చూసుకోండి. ఔట్‌లుక్ మూసేసి ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఇక్కడో చిక్కుంది. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. లోపల 20 జీబీ ఖాళీ ఉన్నా "ఫైల్ టూ లార్జ్" అంటుంది. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే సరి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి, ముందే చూసుకోండి.

తప్పు ఔట్‌లుక్‌దేనా?

క్రోమ్ తెరిచి అదే ఖాతాతో జీమెయిల్ చూడమనండి. అక్కడా కొత్త మెయిళ్లు లేకపోతే ఔట్‌లుక్‌ను వదిలేయండి. ఇన్‌బాక్స్ పైన స్టోరేజీ నిండిందన్న హెచ్చరిక ఉందేమో చూడండి. ఉచిత ఖాతాకు గూగుల్ ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు పంచుకుంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోకే వస్తుంది. పెళ్లి వీడియోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు ఫోన్‌లో పేరుకుంటే కంప్యూటర్‌కు మెయిళ్లు ఆగుతాయంటే పెద్దవాళ్లు నమ్మరు గానీ, జరిగేది అదే. జీమెయిల్ సెర్చ్ పెట్టెలో కుడిచేతి వైపున్న గుర్తు నొక్కి, సైజు 10 ఎంబీ కన్నా ఎక్కువ అని పెట్టి వెతికితే బరువైనవన్నీ బయటపడతాయి. అక్కర్లేనివి తీసేశాక ట్రాష్ కూడా ఖాళీ చేయాలి, లేకపోతే 30 రోజులదాకా ఆ చోటు ఖాళీ కాదు.

బ్రౌజర్‌లో అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు ఔట్‌లుక్ దగ్గరికి రండి. "కింద కుడిచేతి మూల ఏం రాసుందో చదవండి" అని అడగండి. "వర్కింగ్ ఆఫ్‌లైన్" అని ఉంటే "సెండ్/రిసీవ్" ట్యాబ్‌లో "వర్క్ ఆఫ్‌లైన్" బటన్ పొరపాటున నొక్కి ఉంటారు. మళ్లీ నొక్కితే పోతుంది. ఫోల్డర్లన్నీ మాయమై, రూపురేఖలే మారిపోయాయంటే పై మూలనున్న "ట్రై ద న్యూ ఔట్‌లుక్" మీట తిప్పేశారన్నమాట. దాన్ని వెనక్కి తిప్పితే పాతది తిరిగొస్తుంది, మెయిళ్లెక్కడికీ పోలేదు.

సెక్యూరిటీ సర్టిఫికెట్ (మెయిల్ సర్వర్ అసలైనదేనని చూపే గుర్తింపు) చెల్లదంటూ హెచ్చరికలొస్తుంటే తేదీ చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే, ప్లగ్ తీసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి కాబట్టి ఆ కంప్యూటర్ లెక్కలో అది ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేస్తే ఆ పూటకు గడుస్తుంది, సీఆర్2032 బ్యాటరీ మార్చాల్సిందే.

పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతుంటే

పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నారని వాళ్లను విసుక్కోకండి. మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్‌తో నేరుగా లోపలికి రావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాలకు ఆపేసింది. మైక్రోసాఫ్ట్ 365 ఔట్‌లుక్‌లో గూగుల్ సొంత సైన్ ఇన్ పేజీ తెరుచుకుంటుంది, అందులో లాగిన్ అయితే చాలు. 2010, 2013 ఔట్‌లుక్‌లకు ఆ విద్య రాదు. వాటికి యాప్ పాస్‌వర్డ్, అంటే ఒక ప్రోగ్రామ్ కోసమని గూగుల్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్ కావాలి.

గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో ముందు టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తోపాటు రెండో నిర్ధారణ) పెట్టండి, అది లేనిదే తర్వాతది రాదు. తర్వాత "యాప్ పాస్‌వర్డ్స్" అని వెతికి, ఒక పేరిచ్చి సృష్టిస్తే 16 అక్షరాలొస్తాయి. ఒక్కసారే చూపిస్తుంది, కిటికీ మూయకముందే కాపీ చేసుకోవాలి. ఔట్‌లుక్‌లో పాస్‌వర్డ్ గడిలో దాన్నే పెట్టండి. వచ్చే మెయిళ్లకు సర్వర్ పేరు ఐమ్యాప్.జీమెయిల్.కామ్, పోర్టు 993, ఎన్‌క్రిప్షన్ గడిలో ఎస్‌ఎస్‌ఎల్, పోయేవాటికి ఎస్ఎంటీపీ.జీమెయిల్.కామ్, పోర్టు 465కు ఎస్‌ఎస్‌ఎల్ లేదా 587కు స్టార్ట్‌టీఎల్ఎస్. "మై ఔట్‌గోయింగ్ సర్వర్ రిక్వైర్స్ ఆథెంటికేషన్"కు టిక్ ఉండాలి. అది లేకే వచ్చేవి వస్తూ పోయేవి పోకుండా ఉంటాయి.

ఇంతా చేశాక ఎవరైనా ఫోన్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మారిస్తే యాప్ పాస్‌వర్డ్ రద్దవుతుంది, కథ మళ్లీ మొదటికి. హాట్‌మెయిల్, ఔట్‌లుక్.కామ్ ఖాతాలకైతే ఈ దారి కూడా లేదు. 2024 సెప్టెంబరు 16 నుంచి అవి పాస్‌వర్డ్ ఒక్కదానితో రానివ్వవు. పాత ఔట్‌లుక్‌తో కుస్తీ పట్టేకన్నా ఉచితంగా దొరికే థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ పెట్టుకోవడం మేలు.

ఔట్‌బాక్స్‌లో ఇరుక్కుంటే

పెద్ద అటాచ్‌మెంట్ ఉన్న ఒక్క మెయిల్ వెనక మిగతావన్నీ ఆగిపోతాయి. పంపే ప్రయత్నం జరుగుతున్నంతసేపూ దాన్ని తీసేయనివ్వదు. కాబట్టి "వర్క్ ఆఫ్‌లైన్" నొక్కి, ఔట్‌లుక్ మూసి తెరిచి, ఆ మెయిల్‌ను డ్రాఫ్ట్స్‌లోకి లాగి, మళ్లీ ఆన్‌లైన్ అవ్వాలి. జీమెయిల్ హద్దు 25 ఎంబీ. అవతలి ఆఫీసు సర్వర్ హద్దు అంతకన్నా తక్కువ ఉండొచ్చు. అసలు దోషి చాలాసార్లు స్కానర్. దస్తావేజులను 600 డీపీఐ రంగుల్లో స్కాన్ చేయకుండా 200 డీపీఐ నలుపు తెలుపుల్లో తీస్తే చదవడానికేం లోటుండదు, ఫైలు బాగా చిక్కిపోతుంది.

అసలు తెరుచుకోకపోతే

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ఔట్‌లుక్ నడుస్తున్నట్టు కనబడితే "ఎండ్ టాస్క్" నొక్కండి. ఆ తర్వాత కంట్రోల్ కీ పట్టుకొని ఔట్‌లుక్ ఐకాన్ మీద క్లిక్ చేస్తే సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది. అలా తెరుచుకుంటే తప్పు చాలావరకు యాడ్ ఇన్‌లది, అంటే ఔట్‌లుక్‌కు తగిలించిన అదనపు చిన్న ప్రోగ్రామ్‌లది. "ఫైల్", "ఆప్షన్స్", "యాడ్ ఇన్స్", అడుగున "గో" నొక్కి అన్ని టిక్కులూ తీసేయండి. మామూలుగా తెరుచుకున్నాక ఒక్కొక్కటే పెడుతూ చూడండి.

సేఫ్ మోడ్‌లోనూ తెరుచుకోకపోతే డేటా ఫైలు పాడై ఉండొచ్చు. పీఎస్‌టీ అయితే ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఆఫీస్16 ఫోల్డర్‌లో (2013కు ఆఫీస్15, 2010కు ఆఫీస్14) పాడైన ఫైలును బాగుచేసే స్కాన్‌పీఎస్‌టీ ఉంటుంది. బ్యాకప్ టిక్ ఉంచి నడపండి, తప్పులు లేవనేదాకా మళ్లీ మళ్లీ నడపాలి. ఐమ్యాప్‌వాళ్ల మెయిళ్ల నకలుండే ఓఎస్‌టీ ఫైలుకు పేరు మారిస్తే ఔట్‌లుక్ కొత్తది దింపుకుంటుంది. పేరు మార్చమన్నాను, తీసేయమనలేదు: "దిస్ కంప్యూటర్ ఓన్లీ" అని రాసున్న క్యాలెండర్, కాంటాక్టులు సర్వర్‌లో ఉండవు, ఆ ఫైలులోనే ఉంటాయి.

అదీ పనిచేయకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో "మెయిల్", "షో ప్రొఫైల్స్", "యాడ్" నొక్కి కొత్త ప్రొఫైల్ పెట్టండి, పాతది అలాగే ఉంచండి. పాప్‌వాళ్ల పాత మెయిళ్లను "ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్" నుంచి పీఎస్‌టీ తెరిచి చూపించవచ్చు.

ఫోన్ పెట్టేసే ముందు వాళ్ల చేత మీకొక మెయిల్ పంపించి, మీరు చిన్న ఫొటో జతచేసి జవాబివ్వండి. అది ఔట్‌లుక్‌లో తెరుచుకుని ఫొటో కనబడిందంటే పని అయినట్టే.