మాట, పాట వేరు చేసి హరికథను చిన్న ఫైలులో పెట్టడం ఎలా

చిత్తూరు వైపు ఏ ఊళ్లో భారతం ఉత్సవం జరిగినా, వీలుంటే తిరుపతి నుంచి రికార్డర్ పట్టుకుని పోతాను. ద్రౌపదమ్మ గుడి దగ్గర మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. మూడు గంటల కథ స్టీరియో వేవ్ ఫైలుగా దాదాపు 2 జీబీ ఉంటుంది. పాకాలలో ఉన్న మా పెద్దమ్మ ఫోనుకు అంత పంపలేను. అదే 32 కేబీపీఎస్‌కు, అంటే సెకనుకు 32 కిలోబిట్లకు, కుదిస్తే 43 ఎంబీ. ఫైలంతటినీ ఒకే సెట్టింగులో కుదిస్తే మాత్రం మాటో పాటో, ఏదో ఒకటి చెడుతుంది.

ఎందుకంటే మాటను కుదించే పద్ధతి వేరు, సంగీతాన్ని కుదించే పద్ధతి వేరు. మొదటిది మనిషి గొంతును ఆధారం చేసుకుంటుంది. స్వరపేటిక కంపనం ఎలా ఉంది, నోరు దాన్ని ఎలా మలిచింది అన్న వివరాలే పంపుతుంది. ఒక్క గొంతుకు ఇది చాలా పొదుపు. వయొలిన్, మృదంగం కలిసి మోగితే ఆ లెక్క పనికిరాదు. రెండోది ధ్వనిని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టి, చెవి పట్టించుకునే వాటికి ఎక్కువ బిట్లు ఇస్తుంది. 2012లో వచ్చిన ఓపస్ అనే ఆడియో కుదింపు పద్ధతిలో ఈ రెండూ ఉన్నాయి. మాటకు సిల్క్, సంగీతానికి సెల్ట్. సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పనిచేస్తుంది. 32 కేబీపీఎస్ దగ్గర ఒక్కో ముక్కకు సగటున 80 బైట్లే. ఎడమ, కుడి రెండు చానళ్లూ అందులోనే సర్దుకోవాలి.

2018లో వచ్చిన 1.3 వెర్షన్ నుంచి ఏది మాటో ఏది సంగీతమో గుర్తించడానికి ఓపస్‌లో చిన్న న్యూరల్ నెట్‌వర్క్ ఉంది. మామూలు రికార్డింగులకు అది చాలు. హరికథకు మాత్రం నేను ముందే విడగొట్టుకుంటాను.

మొదట చెవితో మొదలుపెట్టండి. పద్యం ముగిసి వచనం అందుకునే చోట్లు బాగా ఉన్న పది నిమిషాలు తీసుకుని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో లేబుళ్లు పెట్టండి. మాట, పాట, కలగలుపు అని మూడు రకాలు. మూడోది తప్పనిసరి. కథ చెప్పే భాగవతారు యుద్ధం వర్ణిస్తుంటే వెనక మృదంగం మోగుతూనే ఉంటుంది కదా. ఈ పది నిమిషాలే తర్వాత మీ లెక్క సరిచూసుకునే కొలబద్ద.

తర్వాత కొలతలు. మాటలో సెకనుకు నాలుగైదు అక్షరాలు వస్తాయి, మధ్యమధ్య సందులుంటాయి. సెకనులో ఉన్న 50 ముక్కల్లో, సగటు శక్తిలో సగం కూడా లేనివి ఎన్నో లెక్కపెట్టండి. మాటలో అవి ఎక్కువ, పాటలో తక్కువ. పాఠం ప్రకారం ఇంతే. కానీ హరికథలో శ్రుతి ఆగదు. భాగవతారు ఊపిరి పీల్చుకునే సందును కూడా శ్రుతి నింపేస్తుంది, లెక్కలో వచనమంతా పాటగా తేలుతుంది. దీనికి నాకు పనికొచ్చిన మార్గం ఇది: పది సెకన్ల స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో చూపేది) తీసుకుని, ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా ఆ పది సెకన్ల మధ్యస్థ విలువను (మీడియన్) తీసేయండి. కదలకుండా నిలబడి ఉండే శ్రుతి చాలావరకు పోతుంది, గొంతు మిగులుతుంది. అప్పుడు సందులు మళ్లీ కనిపిస్తాయి. ఇది కొలవడానికి మాత్రమే సుమా, ఎన్‌కోడ్ చేసేది, అంటే కుదించేది, అసలు ఫైలునే.

రెండో చిక్కు చిడతలు. పై ఫ్రీక్వెన్సీల శక్తిని బట్టి ‘స’, ‘శ’ లాంటి అక్షరాలను పట్టుకోవాలని చూస్తే, చిడతల చప్పుడూ అందులోనే పడుతుంది. తేడా తాళంలో ఉంది. 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శక్తిని విడిగా తీసి ఆటోకోరిలేషన్ చేయండి, అంటే దాన్ని కొంచెం కొంచెం జరుపుతూ దానితోనే పోల్చండి. చిడతలైతే సమానమైన ఎడంలో శిఖరాలు నిలుస్తాయి. మాటలోని అక్షరాలకు అంత నియమం ఉండదు.

ముక్కముక్కకూ నిర్ణయం మార్చొద్దు. ఒక్కో సెకనుకు తేల్చి, వరుసగా మూడు సెకన్లు అదే ఫలితం వస్తేనే మార్చండి. అనుమానం వస్తే పాట కిందే వేయండి, కలగలుపు కూడా అంతే. సంగీతపు పద్ధతిలో వెళ్లిన మాట కొంచెం గరగరలాడినా అర్థమవుతుంది. మాట పద్ధతిలో వెళ్లిన వయొలిన్‌ను ఎవరూ వినలేరు.

స్టీరియో సంగతి విడిగా చూడాలి. వచనంలో గొంతు ఒక్కటే, మధ్యలోనే ఉంటుంది, మోనో చాలు. పాటలో వయొలిన్ ఒక పక్క, మృదంగం ఒక పక్క ఉంటాయి కాబట్టి స్టీరియోకు విలువుంది. మోనో చేసేటప్పుడు నాకు ఒకసారి దెబ్బ తగిలింది. రెండు మైకులూ అర మీటరు ఎడంగా పెట్టి, వచనం వరకు రెండు చానళ్లూ కలిపేశాను. పెద్దమ్మ విని, ‘ఏం నాయనా, కుండలో తలపెట్టి చెప్పినట్టుందే’ అనింది. భాగవతారు ఒక మైకుకు దగ్గరగా నిలబడ్డాడు. రెండో మైకుకు గొంతు మిల్లీసెకను ఆలస్యంగా చేరింది. అంత తేడా ఉంటే 500 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఆ పైన 1500, 2500 దగ్గరా అంతే. అందుకే కలిపే ముందు రెండు చానళ్ల క్రాస్ కోరిలేషన్ చూడండి, అంటే ఒకదాన్ని జరుపుతూ రెండోదానితో పోల్చండి. శిఖరం సున్నా దగ్గర లేకుండా పక్కకు జరిగి ఉంటే కలపొద్దు, స్పష్టంగా ఉన్న ఒక్క చానల్ తీసుకోండి.

ఇక ఎన్‌కోడింగ్. ఓపస్ ఎన్‌కోడర్‌లో స్పీచ్, మ్యూజిక్ అని బలవంతంగా చెప్పే ఆప్షన్లు ఉన్నాయి. వచనానికి స్పీచ్, మోనో, 20 కేబీపీఎస్. పాటకు మ్యూజిక్, స్టీరియో, 48. మూడు గంటల్లో రెండు గంటలు వచనం, ఒక గంట పాట అయితే 18, 21.6 కలిపి 39.6 ఎంబీ అవుతుంది. మొత్తం 32లో పెట్టినదాని కన్నా చిన్నది, పాటకు బిట్లు ఒకటిన్నర రెట్లు.

కోత పెట్టే చోటు కంప్యూటర్ చెప్పినచోటే ఉండనక్కర్లేదు. పద్యం చివరి అక్షరం సాగి, తాళం పడి, భాగవతారు ఊపిరి తీసుకుంటాడు. కోత ఆ ఊపిరికి ముందు పెట్టండి, ఊపిరి వచనం వైపు ఉండాలి.