మార్చిన హిస్టోన్ జన్యువును ప్లాస్మిడ్‌లో చేర్చడం ఎలా?

డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్లు హిస్టోన్లు. వాటి తోకల్లోని లైసిన్ అనే అమైనో ఆమ్లాలకు ఎసిటైల్ అనే చిన్న రసాయన సమూహం చేరినప్పుడు ఆ లైసిన్ల ధనావేశం తగ్గి, డీఎన్‌ఏపై పట్టు సడలి, జన్యువు వ్యక్తమవడానికి వీలు కలుగుతుంది. ఈ స్థితిని అనుకరించడానికి లైసిన్ స్థానంలో గ్లుటమిన్ అనే మరో అమైనో ఆమ్లం వచ్చేలా మార్చిన హెచ్3 అనే హిస్టోన్ జన్యువును క్లోన్ చేస్తారు, అంటే ప్లాస్మిడ్ అనే చిన్న వలయాకార డీఎన్‌ఏలో చేర్చి నకళ్లు తీస్తారు.

ముందుగా పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు తీసే పద్ధతి) ప్రైమర్ల, అంటే నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కల, చివర్లలో రెండు వేర్వేరు రెస్ట్రిక్షన్ ఎంజైములు (డీఎన్‌ఏను నిర్దిష్ట చోట కోసేవి) కోసే స్థానాలను చేర్చాలి. అప్పుడే జన్యువు సరైన దిశలో అతుకుతుంది. ఆ స్థానాలు జన్యువు లోపల ఎక్కడా లేవని కూడా తప్పక సరిచూసుకోవాలి.

చాలామంది పొరపడేది అతికించే దశలోనే. ఆ ఎంజైములతో కోసిన జన్యుఖండాన్ని, అలాగే కోసిన వెక్టర్‌కు (జన్యువును మోసే ప్లాస్మిడ్‌కు) 3:1 నిష్పత్తిలో కలపాలంటే, అది బరువుల నిష్పత్తి కాదు, అణువుల నిష్పత్తి. 5000 బేస్ జతల వెక్టర్ 50 నానోగ్రాములు తీసుకుంటే, 400 బేస్ జతల ఖండం 12 నానోగ్రాములే సరిపోతుంది. డీఎన్‌ఏ ముక్కలను అతికించే టీ4 లైగేజ్ ఎంజైముతో 16 డిగ్రీల సెల్సియస్ వద్ద రాత్రంతా ఉంచవచ్చు.

తరువాత ఈ మిశ్రమాన్ని మంచులో ఉన్న ఈ. కోలై బ్యాక్టీరియా కణాలకు కలిపి, అరగంట ఆగి, 42 డిగ్రీల వద్ద సుమారు 45 సెకన్లు ఉంచి, వెంటనే మళ్లీ మంచులోకి మార్చాలి. పోషక ద్రావణంలో 37 డిగ్రీల వద్ద గంటసేపు కోలుకోనిచ్చాకే యాంటీబయోటిక్ ఉన్న పళ్లెంపై పరచాలి; ప్లాస్మిడ్ చేరిన కణాలే దానిపై కాలనీలుగా పెరుగుతాయి. జన్యుఖండం కలపని వెక్టర్‌తో మరో పళ్లెం తప్పనిసరి. దానిపైనా అన్నే కాలనీలు వస్తే వెక్టర్ తనకు తానే అతుక్కుందని, లేదా సరిగా తెగలేదని అనుమానించాలి.

ఎంచుకున్న కాలనీల ప్లాస్మిడ్‌ను సీక్వెన్సింగ్‌తో (డీఎన్‌ఏ అక్షరాల వరుసను చదివి) నిర్ధారించుకోవాలి. ఈ. కోలైలో హిస్టోన్లు ఉండవు కనుక, మార్పు ప్రభావాన్ని ఈస్ట్‌లోనో జంతు కణాల్లోనో పరీక్షించాలి.